పోలీసు దస్తరాల్లో వంశవృక్షం

1991లో ఊనా చాప్లిన్ చనిపోయాక చార్లీ చాప్లిన్ రాతబల్ల ఆయన కూతురు విక్టోరియాకు వచ్చింది. దాని సొరుగుల్లో ఒకదానికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరా లేదు. తాళాలు తీసేవాణ్ని పిలిపించి తెరిపిస్తే లోపల ఒక ఉత్తరం బయటపడింది. 1970ల మొదట్లో ఇంగ్లండులోని టామ్‌వర్త్ నుంచి ఒక ముసలాయన రాసింది. నువ్వు పుట్టింది లండన్‌లో కాదు, బర్మింగ్‌హామ్‌ను ఆనుకొని ఉన్న స్మెథిక్‌లో, బ్లాక్ ప్యాచ్ అనే జిప్సీల మకాంలో, జిప్సీ రాణి బండిలో పుట్టావు అని దాని సారాంశం. చాప్లిన్‌కు ఉత్తరాలు రాసేవాళ్లకు కొదవా? అయినా దీన్ని మాత్రం తాళం వేసి దాచుకున్నాడు.

చాప్లిన్ పుట్టినట్టు ప్రభుత్వ రిజిస్టర్లో ఎక్కడా లేదు. 1950ల్లో అమెరికా ఎఫ్‌బీఐ ఆయన్ని కమ్యూనిస్టని అనుమానించి కూపీ లాగమంటే, బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ5 లండన్ సోమర్సెట్ హౌస్‌లోని జనన రికార్డులు తిరగేసింది. చాప్లిన్ పేరున ఏమీ దొరకలేదు. ఆయన అసలు పేరు ఇజ్రాయెల్ థార్న్‌స్టీన్ అన్న పుకారు పట్టుకొని ఆ పేరునా వెతికారు, అదీ లేదు. ఈ ఫైళ్లు 2012లో జనం చేతికొచ్చాయి. చాప్లిన్ మాత్రం 1964లో అచ్చయిన ఆత్మకథలో తను 1889 ఏప్రిల్ 16న లండన్ వాల్వర్త్‌లో పుట్టానని రాసుకున్నాడు. అమ్మమ్మ సగం జిప్సీ అనీ, ఇంట్లో ఆ సంగతి గుట్టుగా ఉంచేవారనీ, ఆమె పుట్టింటి పేరు స్మిత్ అనీ అదే పుస్తకంలో చెప్పాడు. పాత కాగితాలు తీసి చూసిన జీవితచరిత్రకారులకు స్మిత్ అన్న ఇంటిపేరు నాయనమ్మ వైపు దొరికింది.

ఆ ఉత్తరంలోది నిజమో కాదో తేలలేదు, ఇక తేలే దారీ కనిపించదు. కానీ యూరప్‌లోనో అమెరికాలోనో రోమా (జిప్సీ) పూర్వీకుల జాడ తీయబోయే ఎవరికైనా సరిగ్గా ఇలాంటి సరంజామాయే చేతికొస్తుంది: ఇంట్లో గుసగుసగా వినిపించిన ఒక మాట, వరుస మారిపోయిన ఒక ఇంటిపేరు, ఉండాల్సిన చోట లేని కాగితం. ఇప్పుడు వీటికి తోడు డీఎన్ఏ పరీక్ష వచ్చింది. గొట్టంలో ఉమ్మి వేసి పోస్టులో పంపితే కొన్ని వారాల్లో జవాబు. రెండు శాతమో మూడు శాతమో దక్షిణాసియా అని అందులో ఉంటే, నూరేళ్లుగా ఇంగ్లీషువాళ్లమనుకుంటూ వచ్చిన కుటుంబం ఉలిక్కిపడుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

రోమాలు భారతదేశం నుంచి వెళ్లినవాళ్లన్న సంగతి డీఎన్ఏ చెబితే తెలిసింది కాదు. దాని పేరు కూడా ఎవరూ ఎరగని కాలంలోనే భాష బయటపెట్టేసింది. జర్మనీలోని హాలె నగరంలో యోహాన్ రూడిగర్ అనే పండితుడు, బార్బరా మాకెలిన్ అనే రోమా స్త్రీని కూర్చోబెట్టుకొని ఒక్కో వాక్యం చెప్పి ఆమె భాషలో అడిగి రాసుకున్నాడు. వాటిని ఒక హిందుస్తానీ వ్యాకరణంతో పక్కపక్కన పెట్టి చూసి 1782లో వ్యాసం అచ్చువేశాడు. ఆ వ్యాకరణం రాసింది బెంజమిన్ షుల్జ్. తెలుగు అచ్చు చరిత్ర తెలిసినవాళ్లకు ఈ పేరు కొత్తది కాదు. మద్రాసులో మిషనరీగా పనిచేసి, తెలుగు నేర్చుకొని, వ్యాకరణం రాసి, స్వదేశానికి తిరిగి వెళ్లాక 1746 ప్రాంతంలో అదే హాలెలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించినవాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా వాటినే లెక్కపెడతారు. మద్రాసు నుంచి ఒక పాదిరీ మోసుకెళ్లిన పరిజ్ఞానం, ఎక్కడో ఒక సంచార జాతి పుట్టుక తెలుసుకోవడానికి పనికొచ్చింది.

రోమాల భాష రోమానీలో నీళ్లను పానీ అంటారు, ముక్కును నాక్, చెవిని కాన్, రెండును దుయి, మూడును త్రిన్ అంటారు. అయితే ఏడు, ఎనిమిది, తొమ్మిదికి వచ్చేసరికి గ్రీకు మాటలు. దారికీ గ్రీకు మాటే. గుర్రానికి ఆర్మేనియన్ మాట, కొన్ని పళ్లకు పారసీకం. ఈ జనం ఏ దారిన వెళ్లారో, ఎక్కడ ఎక్కువ కాలం ఆగారో ఈ అరువు మాటలే దారి పొడవునా పాతిన మైలురాళ్లలా చూపిస్తాయి. పారసీకం, ఆర్మేనియా, బైజాంటియం, బాల్కన్లు, అక్కడి నుంచి పదిహేనో శతాబ్దంలో పడమటి యూరప్. లంబాడీల గోర్ బోలీ వినే తెలంగాణవాళ్లకు ఈ మాటల్లో కొన్ని దగ్గరగా తోస్తాయి. రోమాలూ లంబాడీలూ ఒక్కరే అన్న ప్రచారానికి సగం బలం ఇదే. రెండూ ఉత్తర భారతపు ఆర్యభాషా కుటుంబంలోవి కాబట్టి పోలికలుండటంలో వింత లేదు. అంతమాత్రాన ఒకరి నుంచి ఒకరు పుట్టారని కాదు.

భాష ఒక జాతి ఎక్కడిదో చెప్పగలదు గానీ ఫలానా మనిషి నాయనమ్మ ఎవరో చెప్పలేదు. దానికి కాగితం కావాలి.

ఇంగ్లండు, వేల్స్‌లలో చర్చి రిజిస్టర్లు 1538 నుంచి ఉన్నాయి. ఇల్లూ పొలమూ ఉన్న రైతు వంశం ఒకే ఊరి రిజిస్టర్లో పది తరాల దాకా వరసగా దొరుకుతుంది. రోమాలు అలా కాదు. ఒక బిడ్డకు కెంట్‌లో బాప్తిస్మం, మరో బిడ్డకు సర్రీలో, ఇంకో బిడ్డకు దారిలో ఏ ఊరొస్తే ఆ ఊళ్లో. పాదిరీ రాసే వివరం కూడా ఆయన ఇష్టం. ఒకాయన 'బాటసారి' అంటాడు, ఒకాయన 'దేశదిమ్మరి' అంటాడు, మరొకాయన 'డేరాలో ఉండేవాడు' అని ఊరుకుంటాడు. వీళ్లు ఈజిప్టు నుంచి వచ్చారని ఆనాటి నమ్మకం. అందుకే పాత రిజిస్టర్లలో 'ఈజిప్టువాడు' అని కనిపిస్తే వెతికేవాళ్ల ప్రాణం లేచొస్తుంది. 1530లో ఎనిమిదో హెన్రీ కాలంలో వీళ్లను దేశం నుంచి వెళ్లగొట్టడానికి చేసిన చట్టం పేరే ఈజిప్షియన్ల చట్టం. 1554లో దాన్ని ఇంకా కటువు చేసి, ఉన్నవాళ్లకు ఉరిశిక్ష దాకా తెచ్చారు. అలాంటి రోజుల్లో తనెవరో చర్చిలో నిజం చెప్పి రాయించుకునేది ఎవరు?

అప్పుడప్పుడు మాత్రం పంట పండుతుంది. వేల్స్‌లో టవిన్ దగ్గర లాంగెలినిన్ అనే చిన్న చర్చి ఉంది, సముద్రం ఒడ్డున. దాని ఖనన రిజిస్టర్లో 1799 నవంబర్ 12న ఏబ్రమ్ వుడ్ పేరు ఎక్కింది, పక్కనే ఊరూరా తిరిగే ఈజిప్టువాడని వివరం. వేల్స్‌కు ఫిడేలు తెచ్చింది ఈయనేనని జనం చెప్పుకుంటారు. నిజమెంతైనా, ఈయన సంతానం మాత్రం ఫిడేలునీ హార్పునీ వదల్లేదు. తల్లి వైపున ఈ వంశంవాడే జాన్ రాబర్ట్స్, 1889లో బాలా దగ్గర విక్టోరియా రాణి ఎదుట కొడుకులతో కలిసి హార్పు వాయించినవాడు. ఐదేళ్ల తర్వాత లివర్‌పూల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి జాన్ శాంప్సన్‌కు అదే బాలా పరిసరాల్లో ఎడ్వర్డ్ వుడ్ అనే హార్పు కళాకారుడు తగిలాడు. ఏబ్రమ్ వంశమే. ఇంగ్లండులో ముక్కలు చెక్కలుగా మిగిలిపోయిన రోమానీ భాష, ఈ కుటుంబం నోట విభక్తులతో సహా చెక్కుచెదరకుండా ఉంది. ముప్పై ఏళ్లకు పైగా వాళ్ల వెంట తిరిగి శాంప్సన్ 1926లో నిఘంటువు అచ్చువేశాడు. వేల్స్‌లో వుడ్ వంశీకులు ఇవాళ తరాల కొద్దీ పేర్లు గడగడా చెప్పగలుగుతున్నారంటే రిజిస్టర్లో ఆ ఒక్క పంక్తి, శాంప్సన్ లాంటివాళ్ల నోటు పుస్తకాలు, హార్పు వల్ల వచ్చిన పేరు, మూడూ కలిసొచ్చాయి.

అందరికీ అలా కలిసిరాదు. బ్రిటన్‌లో ఇంటిల్లిపాదినీ పేరుపేరునా రాసుకున్న తొలి జనగణన 1841లో జరిగింది. ఆ రాత్రి కొట్టాల్లో, డేరాల్లో, ఆరుబయట పడుకున్నవాళ్లకు ఆ భాగ్యం దక్కలేదు. లెక్కాయన మగవాళ్లింతమంది, ఆడవాళ్లింతమంది అని అంకె వేసి పోయాడు. తర్వాతి జనగణనల్లో పేర్లు వచ్చాయి గానీ, పుట్టిన ఊరు ఒకసారి ఒకటి, పదేళ్లకు మరొకటి. ఇంటిపేర్లు చూద్దామంటే స్మిత్, లీ, కూపర్, యంగ్, వుడ్. దేశంలో లక్షలమందికి ఉన్న పేర్లే. అందుకే అనుభవమున్నవాళ్లు ఇంటిపేరు కంటే ముందు పెట్టుడు పేర్లు చూస్తారు. సిన్ఫీ, మిజెల్లీ, ట్రెనిట్, సినమింటీ, వష్టి, ప్లేటో. ఇలాంటి పేర్లు తరం విడిచి తరం అదే కుటుంబంలో తిరుగుతుంటే, దానికి తోడు వృత్తి కాలమ్‌లో బుట్టలల్లడం, చాకులు నూరడం, గుర్రాల బేరం, కుర్చీలకు పేము అల్లిక కనిపిస్తుంటే, అనుమానం గట్టిపడుతుంది. పేరొక్కటి, పనొక్కటి విడిగా పెద్ద సాక్ష్యం కాదు.

పోనీ ఇంట్లో పెద్దల్ని అడుగుదామా అంటే అక్కడొక ఆచారం అడ్డొస్తుంది. చాలా రోమా కుటుంబాల్లో చనిపోయినవాళ్ల పేరు పలకరు. పేరు పలికితే పోయినవాళ్ల శాంతికి భంగం అని ఒక భావం, వాళ్ల మీది గౌరవం తగ్గుతుందని మరొకటి. ఇంగ్లండులో అదే పేరున్న బంధువు బతికుంటే పేరు మార్చుకొన్న సందర్భాలూ ఉన్నాయి. మనిషి పోయాక అతని బండిని, బట్టల్ని, సామానును కాల్చేసేవాళ్లు. పింగాణీ పాత్రలు పగలగొట్టేవాళ్లు. తాతగారి గడియారం, నాయనమ్మ పెళ్లి ఫొటో, బైబిల్ అట్ట వెనక రాసుకున్న పుట్టినతేదీలు ఇవన్నీ తరాలు దాటి రావాలంటే ముందు వాటిని మిగల్చాలి కదా. 1888లో ఎడిన్‌బరోలో ఏర్పడిన జిప్సీ లోర్ సొసైటీవాళ్లు, లింకన్‌షైర్ పాదిరీ జార్జ్ హాల్, టి. డబ్ల్యూ. థామ్సన్ వంటివాళ్లు మకాం మకాంకూ తిరిగి వంశావళులు రాసి ఉంచారు గనుక సరిపోయింది. వాళ్లలో కొందరికి రోమాలంటే అడవిపువ్వుల మీద ఉండేలాంటి మోజు. 'స్వచ్ఛమైన' జిప్సీ రక్తం కోసం వెతుకుతూ, ఇళ్లల్లో స్థిరపడినవాళ్లను చిన్నచూపు చూశారు. అయినా ఇవాళ కుటుంబ చరిత్ర వెతికేవాళ్లు ముందు చేయిపెట్టేది ఆ నోటు పుస్తకాల మీదే.

యూరప్ ప్రధాన భూభాగంలో పరిస్థితి ఇంకోలా ఉంటుంది. అక్కడ కాగితాలకు కొదవ లేదు. అవి ఎందుకు రాశారన్నదే గుండెలు కలచివేసే సంగతి.

ఇవాళ్టి రుమేనియాలో భాగమైన వలేకియా, మోల్డావియా సంస్థానాల్లో రోమాలు బానిసలు. 1385లో వలేకియా రాజు నలభై రోమా కుటుంబాలను తిస్మానా మఠానికి దానమిచ్చినట్టు పత్రం ఉంది. అక్కడి గడ్డ మీద వాళ్ల గురించి దొరికే తొలి రాత అదే. తర్వాత ఐదు శతాబ్దాల దాకా మఠాలూ జమీందార్లూ ప్రభుత్వమూ తమ ఆస్తి పట్టీలో గొడ్డూగోదాతో పాటు వీళ్ల పేర్లూ పిల్లల పేర్లూ రాసుకున్నారు. మోల్డావియాలో 1855లో, వలేకియాలో 1856లో విముక్తి వచ్చింది. ఆ తర్వాత యూరప్ అంతటా, అమెరికా దాకా చెదిరిపోయిన కుటుంబాల వారసులు తాతల పేర్ల కోసం ఆ ఆస్తి పట్టీలే తిరగేయాలి. ఆస్ట్రియా చక్రవర్తిని మరియా తెరెసా వేరే దారి పట్టింది. పద్దెనిమిదో శతాబ్దం నడుమ రోమాల భాషనీ, సంచారాన్నీ నిషేధించి, వాళ్లను 'కొత్త రైతులు' అని పిలవాలని ఆజ్ఞ వేసింది. పిల్లల్ని తీసుకెళ్లి రైతుల ఇళ్లల్లో పెంచమని పంపించారు. ఆ పిల్లల్లో ఇళ్లు దాటి పారిపోయినవాళ్లు పోగా, మిగిలినవాళ్ల వంశం ఎవరిదో ఇంటిపేరు కింద కరిగిపోయింది. హంగరీ, స్లొవేకియాల్లో తమ పూర్వీకులు తరతరాలుగా రైతులేనని నమ్మే ఎన్ని కుటుంబాల వెనక ఇలాంటి బిడ్డ ఉందో.

ఫ్రాన్సులో 1912 జూలై 16న చేసిన చట్టం మరీ చిత్రం. ఊరూరా తిరిగే 'నోమాడ్'గా లెక్కకట్టిన ప్రతి మనిషీ పదమూడేళ్లు దాటితే ఒక గుర్తింపు పుస్తకం మెడలో కట్టుకున్నట్టే తిరగాలి. అందులో ఎత్తు, తల పొడవు, వెడల్పు, కుడిచెవి పొడవు, వేలిముద్రలు, ఎదురుగా ఒకటి పక్కనుంచి ఒకటి ఫొటోలు. ఊళ్లో దిగగానే పోలీసు ముద్ర, బయల్దేరేటప్పుడు మళ్లీ ముద్ర. 1969 దాకా ఈ చట్టం నడిచింది. ఇవాళ జిల్లా దస్తరాల్లో ఈ పుస్తకాలు దొరికితే ముత్తాత ఏ ఏడు ఏ సంతకు వెళ్లాడో, ఏ వాగు దాటాక ఏ ఊళ్లో బండి ఆపాడో తేదీలతో సహా తెలుస్తుంది. ఏ రైతు కుటుంబం దగ్గరా ఉండనంత వివరం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ చేసిన నేరస్త జాతుల చట్టం, ఆ కోవ చట్టాల కింద ఎరుకలవాళ్ల హాజరు పట్టీలు, స్టూవర్టుపురం సెటిల్మెంటు తెలిసిన తెలుగువాళ్లకు ఈ ముద్రల సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

జర్మనీ ఈ పనిని చివరంటా తీసుకెళ్లింది. మ్యూనిక్ పోలీసులు 1899లోనే జిప్సీల విభాగం తెరిచారు. 1905లో అక్కడి అధికారి ఆల్ఫ్రెడ్ డిల్మన్ మూడు వేలకు పైగా పేర్లతో పుస్తకం అచ్చువేయించాడు. 1936లో రాబర్ట్ రిట్టర్ అనే వైద్యుడి చేతికి బెర్లిన్‌లో ఒక పరిశోధనా విభాగం వచ్చింది. ఆ బృందం ఊరూరా, మకాం మకాంకూ తిరిగింది. తలలు కొలిచింది, రక్తం తీసింది, ముఖాలకు అచ్చులు పోసింది, చర్చి రిజిస్టర్లన్నీ తెప్పించుకొని ఎవరి తల్లి ఎవరు, ఎవరి తాత ఎవరు అని తరాల కొద్దీ వంశవృక్షాలు గీసింది. రిట్టర్ దగ్గర పనిచేసిన ఎవా జస్టిన్‌కు రోమానీ వచ్చు. జుట్టు ఎర్రగా ఉండటంతో సింతీలనే రోమా శాఖవాళ్లు ఆమెను 'లోలి త్షాయ్', ఎర్రజుట్టు పిల్ల, అని పిలుచుకున్నారు. తమ భాషలో పలకరిస్తోంది కదా అని పెద్దవాళ్లు మేనత్తల పేర్లూ, పినతండ్రుల పేర్లూ నోరారా చెప్పారు. 1944కల్లా దాదాపు 24 వేలమంది మీద తీర్పులు తయారయ్యాయి: పూర్తి జిప్సీ, సంకరం, సంకరంలో ఇంత పాలు అంత పాలు. 1942 డిసెంబర్ 16న నాజీ నాయకుడు హిమ్లర్ ఆజ్ఞ వెలువడ్డాక ఎవర్ని ఆష్విట్జ్ పంపాలో తేల్చడానికి ఆ తీర్పులే పనికొచ్చాయి.

ఆష్విట్జ్ జిప్సీ శిబిరంలో ఎక్కిన సుమారు 21 వేలమంది పేర్ల పుస్తకాలు మిగిలాయంటే అది అక్కడి పోలండు ఖైదీల చలవ. 1944 వేసవిలో శిబిరాన్ని తుడిచేయబోతున్నారని పసిగట్టి, ఆ పుస్తకాలు ఎత్తుకొచ్చి, బట్టలో చుట్టి, బకెట్టులో పెట్టి భూమిలో పాతిపెట్టారు. ఆగస్టు 2 రాత్రి మిగిలిన నాలుగు వేలమందికి పైగా గ్యాస్ గదులకు పోయారు. 1949లో పుస్తకాలు తవ్వితీశారు. తడికి కొన్ని పేజీలు పాడైనా పేర్లు, పుట్టిన ఊళ్లు చాలావరకు చదవగలం. 

రిట్టర్ కాగితాల కథ అంతటితో ముగియలేదు. యుద్ధం ముగిశాక రిట్టర్‌కు ఫ్రాంక్‌ఫర్ట్ నగర ఆరోగ్య శాఖలో ఉద్యోగం దొరికింది, జస్టిన్‌కూ అక్కడే. ఇద్దరి మీదా విచారణలు మొదలై మూతపడ్డాయి. ఆ విభాగంలో పనిచేసిన సోఫీ ఎర్‌హార్ట్ ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో అవే కొలతల మీద పరిశోధన సాగించింది. వంశవృక్షాల్లో పేర్లున్నవాళ్లు, చావు తప్పించుకొని బయటపడినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు, నష్టపరిహారం కోసం కాగితాలు లేక తిప్పలు పడుతున్నారు. 1981 సెప్టెంబర్ 1న సింతీలు కొందరు ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ దస్తరంలో బైఠాయించారు. ఆ ఫైళ్లు అదే రోజు ప్రభుత్వ జాతీయ దస్తరానికి తరలాయి. రక్తసంబంధాల పరిశోధన అనగానే రోమాల్లో పెద్దతరంవాళ్లు మొహం తిప్పుకుంటారంటే దానికి కారణం అడగనక్కర్లేదు.

ఇక ఉమ్మి గొట్టం సంగతి. మనిషికి ముత్తాత ముత్తవ్వల నుంచి సగటున ఎనిమిదో వంతు, వాళ్ల పైతరంలో ఒక్కొక్కరి నుంచి పదహారో వంతు డీఎన్ఏ వస్తుంది. శతాబ్దాల పాటు ఆర్మేనియా, బాల్కన్లు, యూరప్‌లో కలిసిపోవడం వల్ల రోమాల్లోనే దక్షిణాసియా వాటా సగం కంటే బాగా తక్కువ. అది నాలుగో వంతనుకుంటే, ముత్తవ్వ తల్లి పూర్తిగా రోమా అయినా పరీక్షలో దక్షిణాసియా కింద కనిపించేది ఒకటిన్నర శాతం. ఇంకో రెండు తరాలు వెనక్కి వెళితే ఏమీ కనిపించకపోవచ్చు. కాబట్టి సున్నా వచ్చినంత మాత్రాన ఇంట్లో మాట అబద్ధమని కాదు. రెండు శాతం వచ్చినా నిజమని కాదు, ముఖ్యంగా బ్రిటన్‌లో. ఈస్టిండియా కంపెనీ కొలువులో వచ్చిన తెల్లవాళ్లు ఇక్కడి స్త్రీలతో కాపురముండి, కన్న పిల్లల్ని ఓడెక్కించి పంపడం సర్వసాధారణం. ప్రిన్స్ విలియం వంశంలో తల్లి వైపు అలాంటిదే బయటపడింది. సూరత్‌లో థియొడోర్ ఫోర్బ్స్ అనే వర్తకుడి ఇంట్లో ఉన్న ఎలైజా కెవార్క్ కూతురు స్కాట్లాండుకు చేరింది. తల్లి నుంచి బిడ్డకు మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏలో ఆర్30బి అనే భారతీయ గుర్తు ఆ సంతతిలో ఉందని 2013లో ప్రకటించారు. ఆ గుర్తుకూ రోమాలకూ సంబంధం లేదు.

తేడా పట్టే ఉపాయాలు లేకపోలేదు. దక్షిణాసియా ముక్కతో పాటు బాల్కన్, అనటోలియా ముక్కలూ కనిపిస్తే అది సూరత్ దారి కాదు. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్లే వై క్రోమోజోమ్ ఇంకా ఖచ్చితమైన సాక్షి. 2001లో బల్గేరియాకు చెందిన లూబా కలాయ్‌జియెవా బృందం 14 రోమా సమూహాల మగవాళ్లను పరీక్షిస్తే, ఆసియాకే ప్రత్యేకమైన ఒక వై రకం అన్ని సమూహాల్లోనూ కనిపించింది, మొత్తం మీద దాదాపు 45 శాతంలో. అంతమందిలో అదొక్కటే రకం ఉందంటే మొదట బయల్దేరిన గుంపు చాలా చిన్నదన్నమాట. ఆ రకానికి ఇప్పటి పేరు హెచ్-ఎం82. దాని పుట్టిల్లు వెతికే పని హైదరాబాద్ చేతికొచ్చింది. సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, ఎస్తోనియా శాస్త్రవేత్తలు కలిసి ప్రపంచం నలుమూలల నుంచి పదివేలకు పైగా నమూనాలు పోల్చారు. రోమాల రకం అన్నిటికంటే దగ్గరగా సరిపోయింది వాయవ్య భారతంలోని షెడ్యూల్డు కులాలు, తెగలతో అని 2012లో తేల్చారు. రోమాలు ఘజనీ దండయాత్రల్లో ఓడిన రాజపుత్ర వీరుల సంతానమని ఒక కథ చాలాకాలంగా షికారు చేస్తోంది. దానికంటే డప్పు, కమ్మరం, ఆటపాటలతో బతికిన కులాల వైపే ఈ ఫలితం మొగ్గు చూపింది. యూరప్‌లో రోమా సంఘాల వేదికల మీద రాజపుత్ర కథే ఎక్కువ వినిపించడం మాత్రం ఆగలేదు.

అదే ఏడు మరో పెద్ద అధ్యయనం 13 యూరప్ రోమా సమూహాల జన్యుపటమంతటా గుర్తులు పోల్చి, వాళ్ల పూర్వీకులు సుమారు 1500 ఏళ్ల కిందట ఉత్తర, వాయవ్య భారతం నుంచి కదిలారనీ, 900 ఏళ్ల కిందట బాల్కన్ల నుంచి చెదరడం మొదలైందనీ లెక్కకట్టింది. ఈ లెక్కలకు ముందే వైద్యులు ఇంకో వైపు నుంచి అక్కడికి చేరారు. డాన్యూబ్ ఒడ్డున లోమ్ అనే బల్గేరియా పట్టణంలోని రోమాల్లో కాళ్లూ చేతులూ నరాలు చచ్చుబడే జబ్బు దొరికింది. పుట్టుకతోనే కనురెప్పలు వాలిపోయే మరో జబ్బుకు కారణమైన జన్యులోపం రోమాల్లో, భారత్, పాకిస్తాన్ కుటుంబాల్లో ఒకేలా ఉంది. ఇలాంటి లోపాలు పోల్చి 2004లో మొదటి గుంపు వయసు 32 నుంచి 40 తరాలని అంచనా వేశారు. కొద్దిమందితో మొదలై లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకునే ఏ జనంలోనైనా ఇంతే. తెలుగు వైశ్యుల్లో కొందరికి ఆపరేషనుకు ముందిచ్చే కండరాలు సడలించే మందు ఒంట్లో త్వరగా కరగక ప్రమాదమవుతుంది. అదీ ఇలా వచ్చిన జన్యులోపమే.

ఈ లోపల్లోపలి పెళ్లిళ్లే కుటుంబ చరిత్రకారుడి లెక్కనూ తప్పిస్తాయి. డీఎన్ఏ పరీక్ష కంపెనీ కంప్యూటరు ఒకర్ని చూపించి రెండో తరం దాయాది అంటుంది. తీరా ఆరా తీస్తే ఐదో తరంలో నాలుగు వైపుల నుంచి బంధువు. లీ, బాస్వెల్, హెర్న్ వంశాలవాళ్లు ఒకరికొకరు పిల్లనిచ్చి పుచ్చుకున్న తరాల్లో ఒకే ముత్తాత ముగ్గురి ద్వారా వస్తాడు. అందుకే అనుభవజ్ఞులు ఇంట్లో బతికున్న పెద్దవాళ్లనందర్నీ, అత్తల్నీ పెత్తాతల సంతానాన్నీ కూడా పరీక్ష చేయించమంటారు. వాళ్లలో ఒక తరం ఎక్కువ డీఎన్ఏ మిగిలి ఉంటుంది.

ఆ పెద్దవాళ్లు ఒప్పుకోవాలి గదా. 2021లో నేచర్ పత్రికలో జర్మన్ పరిశోధకురాలు వెరోనికా లిప్‌హార్ట్ బృందం నాలుగు వందలకు పైగా శాస్త్రీయ వ్యాసాలు పరిశీలించి కొన్ని సంగతులు బయటపెట్టింది. పాత నమూనాలు దాతల అనుమతి స్పష్టంగా లేకుండా చేతులు మారాయి, కొన్ని పోలీసుల సాయంతో సేకరించినవి, నేర పరిశోధనకు వాడే వై క్రోమోజోమ్ భాండాగారంలో కొన్ని దేశాల నుంచి రోమాలు జనాభాలో తమ వంతుకు ఎన్నో రెట్లు కనిపిస్తారు. డిల్మన్ పుస్తకం నాటి అలవాటు పూర్తిగా పోయిందని ఎవరూ అనలేరు. ఉమ్మి పంపాలా వద్దా అని ఇంట్లో రెండు వర్గాలుగా విడిపోయిన కుటుంబాలను చూసి నవ్వడం తేలిక, నిందించడం కష్టం.

పరీక్ష చేయించినా పని మళ్లీ కాగితానికే వస్తుంది. డీఎన్ఏలో కలిసిన ఇద్దరు ముగ్గురు బంధువుల వంశావళులు పక్కపక్కన పెట్టి, వాళ్లందరూ కలిసే ఊరేదో చూడాలి. ఇంగ్లండులో అది చాలాసార్లు కెంట్ అవుతుంది. బీరుకు వాడే హాప్ తీగల కోతలకు ఏటా సెప్టెంబర్‌లో డేరాలన్నీ అక్కడికే చేరేవి. పెళ్లిళ్లూ బాప్తిస్మాలూ కూడా చాలాసార్లు ఆ రోజుల్లోనే కుదిరేవి. కాబట్టి ఊరు తెలియకపోతే నెల చూసి ఊరిని పట్టుకోవచ్చు, ఆ పరగణా చర్చిల్లో సెప్టెంబర్, అక్టోబర్ బాప్తిస్మాలు ఒక్కొక్కటే చదవాలి. జనగణనలు మాత్రం ఇంకొన్నాళ్లు ఆదుకోవు. ఇంగ్లండు, వేల్స్‌లలో 1921 జనగణన 2022లో తెరిచారు. 1931ది 1942 అగ్నిప్రమాదంలో మొత్తం కాలిపోయింది. 1941లో యుద్ధం వల్ల జరగనే లేదు. మధ్యలో ఉన్నది 1939 సెప్టెంబర్ 29 నాటి యుద్ధకాలపు రిజిస్టర్ ఒక్కటే, అదీ హాప్ కోతల చివరి రోజుల్లోది. 1951 జనగణన, నూరేళ్ల నియమం ప్రకారం, 2052లో గాని తెరవరు.